కూర్చుని వినండి, నచ్చకపోతే ఆపేస్తాం

మా ఊరి మసీదు కమిటీ పెద్దలకు, ఇమాం సాబ్‌కి,

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

నేను మసీదు వెనక సందులో ఉంటాను. సర్కారు బడిలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయ్యాను. మీ కమిటీలో ఇద్దరు నా దగ్గర గుణింతాలు దిద్దినవాళ్లే. ఆ చనువుతోనే రాస్తున్నాను. ఇది మన ఒక్క మసీదు గొడవే అయితే మా అబ్బాయితో కబురు పంపి ఊరుకునేదాన్ని. పాత స్నేహితురాళ్లతో ఫోన్లో మాట్లాడితే వాళ్ల ఊళ్లలోనూ ఇదే వరస అన్నారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మసీదు మైకు మా వంటింటి కిటికీ వైపు తిరిగి ఉంటుంది. శుక్రవారం నమాజుకు ముందు చెప్పే బయాన్ (ప్రసంగం) మొత్తం పొయ్యి దగ్గర నిలబడే వింటాను. మొన్న షవ్వాల్ నెలలో ఒక జుమాకు (శుక్రవారం నమాజుకు) ఉహుద్ యుద్ధంలో ప్రాణాలిచ్చిన షహీదుల గురించి చెప్పారు. హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ పేరు వినపడగానే స్టవ్ తగ్గించి కిటికీ దగ్గరికి వెళ్లాను. చిన్నప్పటి నుంచి నాకు ఆ పేరంటే ప్రాణం. (ప్రవక్త పేరు, ఆయన సహచరులైన సహాబాల పేర్లు వచ్చిన ప్రతిచోటా సలాము, దుఆ రాస్తూ పోతే ఉత్తరం పెద్దదైపోతుంది. చదివేటప్పుడు మీరే చెప్పుకోండి.)

ఇమాం సాబ్ బాగానే చెప్పారు. మక్కాలో అందరికంటే ఖరీదైన బట్టలు కట్టినవాడు, అందరికంటే మంచి అత్తరు పూసుకున్నవాడు, చివరికి కఫన్ (శవానికి చుట్టే బట్ట) కూడా సరిపోకుండా పోయాడని ఉర్దూలో చెబుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఉర్దూ వచ్చు కాబట్టి తిరిగాయి. ఆ తర్వాత కమిటీ పెద్ద ఒకరు మైకు అందుకున్నారు. మూడో వరసలో కూర్చున్న మా మనవణ్ణి వేలు పెట్టి చూపించి, ఆ జుట్టేమిటి, ఆ చిరుగుల ప్యాంటేమిటి, ఆ సెంటు వాసనేమిటి, ముస్అబ్‌ను చూసి సిగ్గు తెచ్చుకోండి అన్నారు. ఇదొక్కటే తెలుగులో అన్నారు.

వాడికి 19 ఏళ్లు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అన్నాడు: "నానీ, ఆయనెవరో నాకు సగం కూడా అర్థం కాలేదు. నన్ను తిట్టారని మాత్రం బాగా అర్థమైంది." ఆ తర్వాత నాలుగు జుమాలు దాటాయి. వాడు వెళ్లలేదు.

కుర్రవాణ్ణి తిట్టారని ఈ ఉత్తరం కాదు. పంతులమ్మగా నేనూ తక్కువ తిట్టలేదు. నా బాధ ముస్అబ్ గురించి. ఆయన జీవితంలోంచి మొదటి పేజీ, ఆఖరి పేజీ చించి, మధ్యదంతా పారేసి, ఆ రెండు కాగితాలూ చుట్టి కుర్రవాళ్లను కొట్టడానికి బెత్తం చేస్తున్నారు. ఆ మధ్యలో ఏముందో చెబుతాను. మీకు తెలియదని కాదు, మైకులో ఎప్పుడూ రాలేదని.

మొదటి పేజీ నుంచే మొదలుపెడతాను, అందులోనూ కొంత సర్దాల్సింది ఉంది. ఆయన మక్కాను ఏలే ఖురైష్ తెగలో బనూ అబ్దుద్దార్ వంశం వాడు. కాబా తాళాలు, యుద్ధంలో ఖురైష్ జెండా ఆ వంశం చేతిలోనే ఉండేవి. తల్లి ఖునాస్ బిన్త్ మాలిక్ బాగా డబ్బున్న మనిషి, కొడుకంటే పంచప్రాణాలు. ఒంటికి మక్కాలో దొరికే మేలైన బట్ట, కాళ్లకు హద్రమౌత్ నుంచి వచ్చిన చెప్పులు. ముస్అబ్ కంటే అందమైన జుట్టు, మెత్తని బట్టలు, సుఖమైన బతుకు ఉన్నవాణ్ణి మక్కాలో చూడలేదని ప్రవక్తే గుర్తు చేసుకునేవారట. ఆ మాటలో మురిపెం ఉంది, వెక్కిరింపు లేదు.

ఆ కుర్రవాడు అర్కమ్ ఇంటికి వెళ్లాడు. సఫా గుట్ట దగ్గర ఆ ఇంట్లో ప్రవక్త తనవాళ్లకు గుట్టుగా చెప్పేవారు. విన్నాడు, నమ్మాడు, తల్లికి భయపడి దాచాడు. నమాజు చేస్తుండగా ఉస్మాన్ బిన్ తల్హా చూసి ఇంట్లో చెప్పేశాడు. కన్నవాళ్లే గదిలో పెట్టి తాళం వేశారు. తప్పించుకుని 615 ప్రాంతంలో అబిసీనియాకు (ఇప్పటి ఇథియోపియా వైపు) వలస వెళ్లినవాళ్లలో కలిశాడు. అంటే ఆ బట్టలు, ఆ అత్తరు ఆయన ఫ్యాషన్ తప్పని వదిలేసినవి కావు. మనసులో పెట్టుకున్న మాట కోసం ఇల్లు పోయింది, ఇంటితో పాటు అవీ పోయాయి. బట్టలు మార్చుకుని రా, అప్పుడు చెబుతానని ప్రవక్త ఆయన్ను గుమ్మంలో ఆపినట్టు నేనెక్కడా చదవలేదు. మంచి బట్టలు, మంచి చెప్పులు వేసుకోవాలని మనిషికి ఉంటుంది కదా అని ఒకాయన అడిగితే, అల్లాహ్ అందమైనవాడు, అందాన్ని ఇష్టపడతాడు, గర్వమంటే సత్యాన్ని కాదనడం, మనుషుల్ని చిన్నచూపు చూడటం అని ప్రవక్త జవాబిచ్చారు. జుమాకు స్నానం చేసి, ఉన్నవాటిలో మంచివి కట్టుకుని, సుగంధం పూసుకుని రావడం సున్నత్, అంటే ప్రవక్త చూపిన పద్ధతి. మా వాడి చిరుగుల ప్యాంటు నాకూ నచ్చదు. సెంటు విషయంలో మాత్రం వాడే సున్నత్ మీద ఉన్నాడు, మైకు పట్టుకున్నాయన కాదు.

ఇక పారేసిన పేజీలు.

621లో హజ్ రోజుల్లో యస్రిబ్ నుంచి వచ్చిన 12 మంది మినా దగ్గర అఖబాలో ప్రవక్తకు మాట ఇచ్చారు. మాకు ఖురాన్ నేర్పేవాణ్ణి ఒకణ్ణి పంపండని అడిగారు. యస్రిబ్ అంటే తర్వాతి మదీనా. ప్రవక్త ముస్అబ్‌ను పంపారు. ఆ ఊరి పరిస్థితి ఎలా ఉందనుకున్నారు? ఔస్, ఖజ్రజ్ అని రెండు తెగలు. తరాల తరబడి కొట్టుకున్నాయి. అంతకు నాలుగేళ్ల ముందే బుఆస్ యుద్ధంలో రెండు వైపులా పెద్దవాళ్లు పోయారు. ఔస్ వాడు నమాజు చేయిస్తే ఖజ్రజ్ వాడు వెనక నిలబడడు, ఖజ్రజ్ వాడు చేయిస్తే ఔస్ వాడు నిలబడడు. అందుకే ఇద్దరికీ పరాయివాడైన ముస్అబ్ నమాజు చేయించేవాడని పాత చరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాఖ్ రాశాడు.

ఇమాం సాబ్, ఈ మాట మీ కోసం. మీరు ఎక్కడో ఉత్తరాది నుంచి ఇల్లు వదిలి వచ్చారు. మన కమిటీలో ఉన్న రెండు వర్గాలు మీ వెనక నిలబడుతున్నాయంటే, మీరు ఏ వర్గానికీ చెందనివారు కాబట్టే. పరాయి ఊరివాడు కావడం లోపం కాదు. ఆ ఊరి మొదటి గురువే పరాయివాడు.

ముస్అబ్ అస్అద్ బిన్ జురారా ఇంట్లో దిగాడు. జనం ఆయన్ను ముఖ్రీ అని పిలిచేవారు, చదివించేవాడని. ఆయన వెంట వచ్చిన ఇంకో గురువు ఇబ్న్ ఉమ్మె మక్తూమ్, కళ్లు లేని మనిషి. మా దగ్గరికి అందరికంటే ముందు వచ్చింది ఆ ఇద్దరే, మాకు ఖురాన్ నేర్పింది వాళ్లేనని బరా బిన్ ఆజిబ్ చెప్పిన మాట బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ఒకాయన ఆస్తి పోయినవాడు, ఒకాయన చూపు లేనివాడు. మదీనాకు మొదట దిగిన సరంజామా అంతా అదే.

ఇప్పుడు ఆ తోట దగ్గరికి వస్తాను. ఈ కథ నేను క్లాసులో పిల్లలకు చాలాసార్లు చెప్పాను, మతం పేరు తీసేసి, ఇద్దరు మనుషుల మధ్య మాటల పాఠంలా. అంత బాగుంటుంది.

అస్అద్, ముస్అబ్‌ను తీసుకుని బనూ జఫర్ వాళ్ల తోటలో ఒక బావి దగ్గర కూర్చున్నాడు. కొత్తగా నమ్మినవాళ్లు చుట్టూ చేరారు. ఆ పేటకు పెద్దలు ఇద్దరు: సఅద్ బిన్ ముఆజ్, ఉసైద్ బిన్ హుజైర్. ఇద్దరూ ఔస్ తెగలో బనూ అబ్దుల్ అష్‌హల్ వాళ్లు. సఅద్‌కు ఒళ్లు మండింది. కానీ అస్అద్ ఆయన పిన్నమ్మ కొడుకు, ఎదురు వెళ్లి మొహం మీద అనలేడు. ఉసైద్‌తో అన్నాడు: నువ్వు వెళ్లి ఆ ఇద్దర్నీ తరిమెయ్యి, మన అమాయకుల్ని చెడగొడుతున్నారు. బంధుత్వం అడ్డం లేకపోతే నేనే వెళ్లేవాణ్ణి. (మన ఊళ్లోనూ ఇంతే కదా. మేనరికం ఉన్నచోట పంచాయితీకి ఇంకొకణ్ణి పంపుతారు.)

ఉసైద్ ఈటె పట్టుకుని వచ్చాడు. దూరం నుంచి చూసిన అస్అద్, ఈయన తనవాళ్లకు నాయకుడు, ఈయన విషయంలో అల్లాహ్ ముందు నిజాయితీగా ఉండు అని ముస్అబ్ చెవిలో అన్నాడు. ముస్అబ్ తాపీగా, ఆయన కూర్చుంటే మాట్లాడతాను అన్నాడు. ఉసైద్ కూర్చోలేదు. నెత్తి మీద నిలబడి తిట్టాడు. మా బలహీనుల్ని మోసం చేయడానికి వచ్చారా, ప్రాణాల మీద ఆశ ఉంటే లేచి పొండి అన్నాడు.

ముస్అబ్ జవాబు చూడండి: "కాస్త కూర్చుని వింటారా? నచ్చితే ఒప్పుకోండి. నచ్చకపోతే, మీకు నచ్చనిది ఆపేస్తాం."

ఉసైద్ ఒక్క క్షణం ఆలోచించి, న్యాయంగానే అన్నావు అన్నాడు. ఈటెను నేలకు గుచ్చి కూర్చున్నాడు.

ఆ ఈటె నేలలో దిగిన చప్పుడు నాకు వినపడుతుంది. ఎదుటివాడి చేతిలో ఆయుధం ఉంది, ఊరు వాడిది, తోట వాడి మనుషులది. అలాంటివాడితో "ఆపేస్తాం" అనాలంటే ఎంత గుండె కావాలి! తన మాట మీద ఎంత నమ్మకం కావాలి! వినకపోతే నరకానికి పోతావనలేదు. నీ జుట్టేమిటి, నీ నోటి దురుసేమిటి అనలేదు. ముందు కూర్చోబెట్టాడు. కూర్చున్న మనిషికి కోపం సగం దిగుతుంది, టీచర్ ఉద్యోగంలో నేను మొదట నేర్చుకున్నది అదే. తర్వాత ఖురాన్ చదివి వినిపించాడు. ఉసైద్ నోరు తెరవక ముందే ఆ మొహంలో వెలుగు మాకు తెలిసిపోయిందని అక్కడున్నవాళ్లు చెప్పారు. ఇందులో చేరాలంటే ఏం చేయాలని అడిగాడు. స్నానం చెయ్యి, బట్టలు శుభ్రం చేసుకో, సాక్ష్యం చెప్పు, రెండు రకాతుల నమాజు చదువు అన్నారు.

ఉసైద్ తిరిగి వెళుతుంటే సఅద్ దూరం నుంచే, వెళ్లినప్పటి మొహం కాదే ఇది అన్నాడు. ఉసైద్ చిన్న ఎత్తు వేశాడు. బనూ హారిసా వాళ్లు నీ పిన్నమ్మ కొడుకును చంపడానికి బయల్దేరారట అని పుకారు వదిలాడు. సఅద్ అదే ఈటె లాక్కుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి చూస్తే ఇద్దరూ నింపాదిగా కూర్చుని ఉన్నారు. మళ్లీ తిట్లు. మళ్లీ ముస్అబ్‌ది అదే మాట: కూర్చుని వినండి, నచ్చకపోతే ఆపేస్తాం. ఆయనా ఈటె గుచ్చి కూర్చున్నాడు. ఆ సాయంత్రానికి బనూ అబ్దుల్ అష్‌హల్‌లో ఇస్లాంలోకి రాని మగవాడు గానీ ఆడది గానీ మిగల్లేదంటారు, ఉసైరిమ్ అనే ఒక్కడు తప్ప. అతను నాలుగేళ్లు ఆగాడు. ఉహుద్ రోజున ఉన్నట్టుండి ఒప్పుకుని, కత్తి పట్టుకుని వచ్చి, అదే రోజు పోయాడు. ఒక్క పూట నమాజైనా చేయకుండా స్వర్గానికి వెళ్లిన మనిషి ఎవరో చెప్పండని అబూ హురైరా అనే సహాబీ జనాన్ని అడిగి, తెలియదంటే ఇతని పేరు చెప్పేవారు. ఆ నాలుగేళ్లూ ఎవరైనా అతణ్ణి వేలు పెట్టి చూపించి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

ఈటె పట్టుకుని వచ్చిన ఉసైద్ తర్వాత ఎంత తీయగా ఖురాన్ చదివేవాడంటే, ఒక రాత్రి ఆయన చదువుతుంటే పైన మబ్బులో దీపాల్లాంటివి కనపడ్డాయట. నీ గొంతు వినడానికి దేవదూతలు దిగారని ప్రవక్త చెప్పారు. ఆ గొంతు ముస్అబ్ తెచ్చిందే.

ఇంతకీ ఆ తోటలో ఏం చదివి వినిపించాడు? సఅద్‌కు జుఖ్రుఫ్ సూరా (ఖురాన్ అధ్యాయం) మొదటి వాక్యాలు వినిపించాడని ఒక పాత కథనం. తెరిచి చూడండి. అందులో మూడో ఆయత్ (వాక్యం) అర్థం ఇది: మీరు అర్థం చేసుకోవాలని దీన్ని అరబీ ఖురాన్‌గా చేశాము. వినేవాళ్లు అరబ్బులు కాబట్టి అరబీ, అర్థం కావడానికి. ప్రతి ప్రవక్తనూ ఆ జాతి భాషలోనే పంపామని ఇబ్రాహీం సూరాలోనూ ఉంది.

మన వీధిలో ఎన్ని ఇళ్లలో ఉర్దూ మాట్లాడుతున్నారు? మాది నూర్‌బాషా ఇల్లు. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టారు. మా ఇంట్లో దుఆ అరబీ, తిట్టు తెలుగు, తాలింపు తెలుగు, జోలపాట తెలుగు. నేను ఉర్దూ నేర్చుకున్నది పెళ్లయ్యాక అత్తగారింట్లో. మా పిల్లలకు రాదు, వాళ్ల పిల్లలకు అసలే రాదు. అలాంటివాళ్లను ప్రతి శుక్రవారం ముప్పావు గంట కూర్చోబెట్టి అర్థం కాని భాషలో చెబుతూ, వీళ్లకు దీన్ (మతం) మీద శ్రద్ధ లేదంటున్నారు. ఖుత్బా (జుమా నమాజుతో పాటు ఇచ్చే లాంఛన ప్రసంగం) అరబీలోనే ఉండనివ్వండి, దాని జోలికి నేను రాను. దానికి ముందు బయాన్ సంగతే నేను అడిగేది. చిలుకూరి నారాయణరావు గారు, ముస్లిం కూడా కాదు, ఎప్పుడో మన పెద్దవాళ్ల కాలంలోనే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత ఎన్నో అనువాదాలు వచ్చాయి. తెలుగులో ఖురాన్ ఉంది, హదీసు ఉంది. మన మైకులో మాత్రం తెలుగు తిట్టడానికే వస్తోంది.

ఆఖరి పేజీకి వస్తున్నాను. అది కూడా మీరు సగమే చదువుతున్నారు.

622లో ముస్అబ్ మక్కాకు తిరిగి వచ్చినప్పుడు ఆయన వెనక యస్రిబ్ జనం వచ్చారు. అఖబాలో రెండోసారి మాట ఇచ్చినవాళ్లు 73 మంది మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకరు నుసైబా బిన్త్ కఅబ్. ఏడాదిలో ఆయన చేసిన పని అంత. తల్లి మాత్రం ఒప్పుకోలేదు. ముందు నా దగ్గరికి రాకుండా ప్రవక్త దగ్గరికి వెళ్లావా అని ఏడ్చింది. నీ మంచి కోరే చెబుతున్నానమ్మా అని కొడుకు బతిమాలాడు. నక్షత్రాల మీద ఒట్టు, నీ మతంలోకి రాను అంది. అన్ని గుండెలు కరిగించినవాడికి కన్నతల్లి గుండె కరగలేదు. పెద్దలారా, మీలో ఎందరికి ఇంట్లో వినని కొడుకు ఉన్నాడో నాకు తెలుసు. సిగ్గుపడకండి, ముస్అబ్ ఇంట్లోనూ ఒకరు వినలేదు.

ఉహుద్‌కు ముందు జరిగిన బద్ర్ యుద్ధంలో ఇంకొకటి జరిగింది. అది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది, దాచను. ఖురైష్ వైపు నుంచి పట్టుబడ్డవాళ్లలో ఆయన సొంత అన్నదమ్ముడు అబూ అజీజ్ ఉన్నాడు. పట్టుకున్న అన్సారీతో (మదీనా ముస్లింతో) ముస్అబ్, గట్టిగా కట్టు, వీడి తల్లి డబ్బున్నది, విడిపిస్తుంది అన్నాడు. నా గురించి నువ్వు చెప్పే మాట ఇదా అన్నాడు అబూ అజీజ్. నువ్వు కాదు, ఈ అన్సారీయే నా అన్న అన్నాడు ముస్అబ్. తల్లి 4000 దిర్హములు పంపి విడిపించింది. నాకు దీంట్లో ఊరటనిచ్చేది ఆ అబూ అజీజ్ తర్వాత తానే చెప్పిన సంగతి: ఖైదీలను బాగా చూడమని ప్రవక్త చెప్పారని, నన్ను కట్టి తీసుకెళ్లినవాళ్లు తాము ఖర్జూరాలు తిని నాకు రొట్టె పెట్టేవారు, నాకు సిగ్గేసి తిరిగి ఇస్తే ముట్టుకునేవారు కాదు అని.

625 మార్చి, హిజ్రీ 3వ ఏట షవ్వాల్, ఉహుద్. ఎదురుగా 3000 మంది, ఇటువైపు 700. ఖురైష్ జెండా ఎవరి చేతిలో ఉందని ప్రవక్త అడిగారు. బనూ అబ్దుద్దార్ అన్నారు. అయితే మన జెండా కూడా ఆ వంశం వాడికే అని ముస్అబ్‌కు ఇచ్చారు. ఇది బయాన్‌లో నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు రెండు జెండాలూ ఒకే వంశం చేతుల్లో ఉన్నాయి. ఆయన ఎదురుగా అటు జెండా ఎత్తుకుని ఒకరి తర్వాత ఒకరు పడిపోతున్నవాళ్లు ఆయన చిన్నప్పుడు ఒకే వాకిట్లో ఆడుకున్నవాళ్లు.

గుట్ట మీద కాపలా ఉన్న విలుకాళ్లు జాగా వదిలాక శత్రువు వెనక నుంచి పడటం మీరు బాగానే చెబుతారు. ఖురైష్ యోధుడు ఇబ్న్ ఖమిఆ వచ్చి ముస్అబ్ కుడి చేయి నరికాడు, జెండా ఎడమ చేతికి మారింది. అదీ నరికితే మొండి చేతులతో గుండెకు హత్తుకున్నాడు. ముహమ్మద్ ఒక ప్రవక్త మాత్రమే, ఆయనకు ముందు ఎందరో ప్రవక్తలు గతించారు అంటూ పడిపోయాడని చెబుతారు. పోలికలు కొంత ప్రవక్తలా ఉండటంతో ఇబ్న్ ఖమిఆ, ముహమ్మద్‌ను చంపేశానని అరిచాడు. అప్పటికి ముస్అబ్‌కు నలభై దాటాయో లేదో.

మగవాళ్లు చెప్పే బయాన్‌లో ఇక్కడి నుంచి నేరుగా కఫన్‌కు వెళతారు. నడుమ ఆయన భార్య ఉంది. హమ్నా బిన్త్ జహష్. ప్రవక్త మదీనాకు తిరిగి వస్తుంటే ఎదురు వచ్చింది. నీ అన్న అబ్దుల్లాహ్ పోయాడని చెప్పారు. ఇన్నా లిల్లాహి అంది. నీ మేనమామ హమ్జా పోయాడన్నారు. మళ్లీ ఇన్నా లిల్లాహి అంది. నీ భర్త ముస్అబ్ అన్నారు. గట్టిగా కేక పెట్టింది. ఆడదాని మనసులో మొగుడికి ఉండే చోటు వేరు అన్నారు ప్రవక్త. ఎందుకలా అరిచావని అడిగితే, పిల్లలు తండ్రి లేనివాళ్లయ్యారని గుర్తొచ్చిందని చెప్పిందట. నా భర్త పోయి 11 ఏళ్లయింది. ఆ రోజు నేను గట్టిగా ఏడిస్తే, సబర్ (ఓర్పు) లేదా అని ఒక పెద్దమనిషి నన్ను గదమాయించాడు. ప్రవక్త హమ్నాను గదమాయించలేదు.

ఇక కఫన్. సహాబీ ఖబ్బాబ్ చెప్పిన మాట ఉన్నదున్నట్టు ఉంది. ముస్అబ్ మీద కప్పడానికి చారల ఉన్ని దుప్పటి ఒక్కటే దొరికింది. తల కప్పితే కాళ్లు బయటికి, కాళ్లు కప్పితే తల బయటికి. దూది ఏకే ఇంట్లో పుట్టినదాన్ని, పొట్టి దుప్పటి అంటే ఏమిటో నాకు తెలుసు. చలికాలం రాత్రి అటు లాగి ఇటు లాగి చివరికి మోకాళ్లు ముడుచుకోవడమే. పోయినవాడు ముడుచుకోలేడు. తల కప్పండి, కాళ్ల మీద ఇజ్ఖిర్ వేయండి అన్నారు ప్రవక్త.

మీరు దాన్ని "గడ్డి" అని వదిలేస్తారు. ఇజ్ఖిర్ మామూలు గడ్డి కాదు. మా పెరట్లో కుళాయి పక్కన పెంచుతున్న నిమ్మగడ్డి జాతిది, నలిపితే వాసన వస్తుంది. మక్కా మనుషులకు అది పుట్టినూరి వాసన. మదీనాలో జ్వరంతో పడుకున్న సహాబీ బిలాల్, చుట్టూ ఇజ్ఖిర్ ఉన్న మక్కా లోయలో ఒక్క రాత్రి గడపగలనా అని పాట కట్టి పాడుకున్నాడు. తర్వాత మక్కాలో చెట్టు, మొక్క తెంపవద్దని ప్రవక్త ఆజ్ఞ ఇస్తున్నప్పుడు ఆయన బాబాయి అబ్బాస్ మధ్యలో అడ్డుపడి, ఇజ్ఖిర్ తప్ప అనండి, కంసాలులకు, ఇళ్లకు, సమాధులకు అది కావాలి అంటే, ఇజ్ఖిర్ తప్ప అన్నారు. మక్కాలో అత్తరుకు పేరుపడ్డవాడి కాళ్ల మీద ఆ గడ్డి వేశారు. మా మనవడికి ఇది చెప్పాను. పెరట్లోకి వెళ్లి ఒక ఆకు తెంపి నలిపి వాసన చూశాడు. ఏమీ అనలేదు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నేను అంట్లు తోముకుంటూ ఉండిపోయాను.

చాలా ఏళ్ల తర్వాత సహాబీ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌కు ఒకరోజు భోజనం తెచ్చి పెట్టారు. ఉపవాసంలో ఉన్నారు, అప్పటికి ఆయన గొప్ప ధనవంతుడు. పళ్లెం చూసి, ముస్అబ్ నాకంటే మంచివాడు, ఒక్క దుప్పటిలో పోయాడు, మాకేమో లోకం ఇంత పరుచుకుంది, మా మంచి పనుల ఫలం ఇక్కడే ఇచ్చేశారేమోనని భయంగా ఉంది అంటూ ఏడ్చి, అన్నం ముట్టకుండా వదిలేశారు. చూడండి, ముస్అబ్ పొట్టి దుప్పటిని ఆయన తన పళ్లెం మీద కప్పుకున్నారు. పక్కవాడి ప్యాంటు మీద కప్పలేదు.

ఇప్పుడు నేను అడిగేది చిన్నది. జుమాకు ముందు బయాన్‌లో సగమైనా తెలుగులో చెప్పించండి. ఇమాం సాబ్‌కు తెలుగు రాదు, అది ఆయన తప్పు కాదు. ఆయన చెప్పిందాన్ని పక్కన నిలబడి తెలుగులో చెప్పే కుర్రవాళ్లు మన వీధిలోనే నలుగురు ఉన్నారు. లేదా ఇమాం సాబ్, మీరు రోజుకో అరగంట మా ఇంటి అరుగు మీదకు రండి, ఆరు నెలల్లో నేను తెలుగు నేర్పుతాను, ఫీజు లేదు. వారానికి ఒకరోజు అస్ర్ (సాయంత్రం నమాజు) తర్వాత ఆవరణలో చాపలు వేసి, మైకు లేకుండా, అడిగిందానికి జవాబు చెప్పే కూటం పెట్టండి. వెనక పరదా కట్టి మాకూ కాస్త చోటు ఇవ్వండి. అఖబాలో మాట ఇచ్చినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లున్నారని పైన రాశాను. చాపలు, మంచినీళ్ల కుండ నేను పంపిస్తాను. అక్కడ ఎవడు పిచ్చి ప్రశ్న వేసినా, ఈటె పట్టుకుని వచ్చినా, ముందు కూర్చోబెట్టండి.

ఇది మీకు నచ్చకపోతే ఆపేస్తాను, మళ్లీ రాయను.

పోయిన శుక్రవారం మా వాడు గేటు దాకా వచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. చెప్పులు సగం విప్పి, లోపలికి ఒకసారి చూసి, మళ్లీ తొడుక్కుని వెనక్కి వెళ్లిపోయాడు. ఈ శుక్రవారం మీలో ఎవరైనా ఒకరు గేటు దగ్గర నిలబడండి. వాడి పేరు మీకు తెలుసు. ప్యాంటు సంగతి నేను హామీ ఇవ్వలేను. సెంటు మాత్రం నేనే పూసి పంపిస్తాను.

వస్సలాం,
మసీదు వెనక సందులోని మీ తెలుగు టీచరమ్మ